అవుట్‌బ్యాక్‌లో కారు ప్రయాణం: అడిలైడ్ నుంచి ఉలురు దాకా క్షేమంగా ఎలా వెళ్ళాలి

ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని అడిలైడ్ నుంచి, దేశం నడుమ అవుట్‌బ్యాక్ అనే నిర్జన ఎడారి ప్రాంతంలో ఉన్న ఎర్రటి రాతికొండ ఉలురుకి రోడ్డు మీద సుమారు 1,600 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళినంత. ఆ దారిలో అయితే బండి ఎక్కడ మొరాయించినా కాస్త దూరంలో ఒక ఊరో, ధాబానో, పంక్చర్ షాపో తగులుతుంది. ఏమీ లేకపోయినా పది నిమిషాల్లో నలుగురు మనుషులు పోగవుతారు. ఇక్కడ గ్లెండాంబో దాటితే కూబర్ పీడీ వచ్చేదాకా 250 కిలోమీటర్లకు పైగా పెట్రోలు బంకు లేదు, కొనుక్కుందామన్నా మంచినీళ్ళ సీసా దొరకదు, చాలాచోట్ల ఫోనుకి సిగ్నల్ ఉండదు.

మెల్‌బోర్న్, సిడ్నీ, అడిలైడ్‌లలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు స్కూలు సెలవుల్లో ఈ ప్రయాణం ఎంతో ఉత్సాహంగా పెట్టుకుంటాయి. తప్పకుండా పెట్టుకోవాలి, అంత గొప్ప దారి ఇది. పైగా మనకి అలవాటైన ఎడమవైపు డ్రైవింగే. రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంటుంది. ఇందులో కష్టమేముంది అనిపిస్తుంది. నడపడం నిజంగానే కష్టం కాదు. నడపలేని పరిస్థితి వస్తే ఏం చేస్తామన్నదే బయల్దేరేముందు ఆలోచించుకోవాలి. అందుకే ప్రతి నిర్ణయం దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: కారు సరిగ్గా ఇక్కడే ఆగిపోతే, సాయం వచ్చేదాకా నాతో ఉన్న పిల్లలు, పెద్దవాళ్ళు క్షేమంగా ఉంటారా? కింద చెప్పబోయేవన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

ముందు నెల చూసుకోండి, తర్వాతే లీవు పెట్టండి

మే నుంచి సెప్టెంబర్ వరకు మంచి కాలం. పగలు హాయిగా ఉంటుంది, రాత్రి మాత్రం చలి బాగా వేస్తుంది. ఉలురు దగ్గర జూన్, జూలై రాత్రుల్లో ఒక్కోసారి సున్నా డిగ్రీల కిందికి కూడా దిగుతుంది. ఎడారి కదా అని దుప్పట్లు మానేయకండి.

డిసెంబర్, జనవరి సెలవుల్లోనే వీలవుతుందంటే, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా సలహా: విమానంలో వెళ్ళండి. కూబర్ పీడీకి ఉత్తరాన ఉన్న ఊడ్నడాటాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండలో ఏసీ లేకుండా రోడ్డు పక్కన రెండు గంటలు కూర్చోవడమంటే చిన్న పిల్లలకీ, పెద్ద వయసువాళ్ళకీ ప్రాణం మీదికి వస్తుంది. సింప్సన్ ఎడారి పార్కును ఏటా డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు మూసేసేది కూడా ఈ ఎండల కారణంగానే.

ఎండ లేకపోయినా వానలు ఉన్నాయి. 2022 జనవరి చివర్లో కురిసిన వానలకి మనం వెళ్ళే ఈ ప్రధాన రహదారి, స్టూవర్ట్ హైవే కూడా నీట మునిగి తెగిపోయింది. కూబర్ పీడీకి లారీలు రాలేక, వాయుసేన విమానంలో 20 టన్నుల సరుకులు చేరవేయాల్సి వచ్చింది. కాబట్టి బయల్దేరే రోజు పొద్దున, ఆ తర్వాత ప్రతి రాత్రి పడుకునేముందు, ఆయా రాష్ట్రాల రోడ్డు సమాచారం చూడండి. సౌత్ ఆస్ట్రేలియాకి, నార్తర్న్ టెరిటరీకి విడివిడిగా ప్రభుత్వ వెబ్‌సైట్లు ఉన్నాయి. ఏ రోడ్డు తెరిచి ఉంది, ఏది మూసేశారు అన్నది అందులో ఉంటుంది. మూసేసిన రోడ్డు మీదికి వెళ్తే భారీ జరిమానా పడుతుంది, ఇన్సూరెన్స్ కూడా చేతులెత్తేస్తుంది.

రోజుకి ఎంత దూరమో పగటి వెలుతురు చెబుతుంది

అడిలైడ్ నుంచి కూబర్ పీడీ దాదాపు 850 కిలోమీటర్లు. ఫోన్‌లో మ్యాప్ చూస్తే తొమ్మిది గంటల పైచిలుకు చూపిస్తుంది. ఒక్క రోజులో కొట్టేయొచ్చు అనిపిస్తుంది, మనవాళ్ళు చాలామంది అలాగే ప్లాన్ వేస్తారు కూడా. జూన్‌లో అక్కడ సాయంత్రం ఆరు కాకుండానే పొద్దు గూకుతుంది, ఉదయం ఏడు దాటితే గానీ తెల్లవారదు. జంతువులు రోడ్డు మీదికి వచ్చేది సరిగ్గా ఆ రెండు సంధ్యల్లోనూ, రాత్రంతా. అంటే నిశ్చింతగా నడపగలిగేది ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు లోపు. మధ్యలో భోజనం, టాయిలెట్లు, పిల్లల పేచీలు, ఫొటోలు తీసేస్తే మిగిలేది ఆరేడు గంటల డ్రైవింగే.

రోజుకి 600 కిలోమీటర్లు దాటకండి. నేనైతే మొదటి రాత్రి పోర్ట్ అగస్టాలో గానీ, వూమెరాలో గానీ ఆగమంటాను. రెండో రాత్రి కూబర్ పీడీ. మూడో రోజు మార్లా, కుల్గెరా మీదుగా ఎర్ల్‌డండా. నాలుగో రోజు అక్కడి నుంచి 244 కిలోమీటర్లు పడమటికి తిరిగి యులారా. ఉలురు చూడటానికి బస చేసే ఊరు అదే. నాలుగు రోజులా అని ఇంట్లో ఎవరైనా అడిగితే, రాత్రిపూట నడపకుండా వెళ్ళాలంటే అంతే పడుతుందని చెప్పండి. పైగా ఆ దారి పరుగున దాటేయాల్సినది కాదు. హార్ట్ అనే ఉప్పు సరస్సు రోడ్డు మీది నుంచే తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. కూబర్ పీడీలో భూమి కింద తవ్వుకున్న ఇళ్ళలో మనుషులు కాపురాలు చేస్తున్నారు. అక్కడ 1915లో ఓపల్ రాయి దొరికినప్పటి నుంచి తవ్విన గోతులు ఊరి చుట్టూ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడవొద్దని పిల్లలకి ముందే గట్టిగా చెప్పండి.

రెండు గంటలకోసారి ఆగి పావుగంట కారు దిగండి. ఈ రోడ్డు మీద మలుపులు ఉండవు, గేరు మార్చే పని ఉండదు, క్రూయిజ్ కంట్రోల్ పెడితే కాలికీ పని ఉండదు. నిద్ర పట్టకపోతే ఆశ్చర్యం. కళ్ళు మూతలు పడుతున్నాయంటే కాఫీతో, పాటలతో నెట్టుకురావాలని చూడకండి. రెస్ట్ ఏరియాలో ఆపి, సీటు వెనక్కి వాల్చి ఇరవై నిమిషాలు కునుకు తీయండి, లేదా స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి.

కారు, ముఖ్యంగా టైర్లు

తారు రోడ్డు వదలకపోతే మామూలు కారు చాలు, ఫోర్ వీల్ డ్రైవ్ అక్కర్లేదు. బయల్దేరే వారం ముందు సర్వీసు చేయించండి: బ్యాటరీ, కూలెంట్, బెల్టులు, ఏసీ, వైపర్లు. రెండు లీటర్ల కూలెంట్, ఒక లీటరు ఇంజిన్ ఆయిల్ డిక్కీలో పడేయండి. టోయింగ్‌కి కారు క్లబ్ సభ్యత్వం ఉంటే ఎంత దూరం వరకు ఉచితమో అడగండి. మామూలు ప్లాన్లు ఊరి చుట్టుపక్కలకే సరిపోతాయి. అవుట్‌బ్యాక్‌లో 300 కిలోమీటర్లు లాక్కురావాలంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఒక మెట్టు పై ప్లాన్ తీసుకోవడం మేలు.

టైర్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఈ దారిలో ఎక్కువగా మొరాయించేవి అవే. మొదట డిక్కీ తెరిచి కింద అట్ట ఎత్తి చూడండి. కొత్త కార్లు చాలావాటిలో స్టెప్నీ ఉండదు, ఒక జిగురు సీసా, చిన్న గాలి పంపు మాత్రమే ఇస్తారు. టైరు పక్క గోడ చిరిగితే ఆ జిగురు దేనికీ పనికిరాదు. కొన్నిటిలో సన్నటి స్టెప్నీ ఉంటుంది, దాని మీద గంటకి 80 దాటకూడదని రాసి ఉంటుంది. ఆ స్పీడుతో, ఆ టైరు మీద తర్వాతి ఊరు 200 కిలోమీటర్లంటే చాలా ఇబ్బంది. అసలు సైజు స్టెప్నీ ఒకటి సంపాదించండి.

తర్వాత ఇంటి ముందే ఒకసారి టైరు మార్చి చూడండి. ఇది నవ్వుకుని వదిలేసే సలహా కాదు, దయచేసి నిజంగా చేయండి. వర్క్‌షాపులో నట్లు గాలి మిషన్‌తో బిగిస్తారు. కారుతో వచ్చిన పొట్టి పానాతో అవి కదలనే కదలవు. పొడుగు పానా కొనాలని మీకు ఇంటి దగ్గరే తెలియాలి. అల్లాయ్ వీల్స్ అయితే ఒక్కో చక్రానికి ఒక లాక్ నట్ ఉండొచ్చు, దాన్ని విప్పే చిన్న తాళం లాంటి ముక్క గ్లవ్ బాక్సులోనో, స్టెప్నీ గుంటలోనో ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే స్టెప్నీ ఉండి కూడా లేనట్టే. నట్లు కారు పైకి ఎత్తకముందే కొంచెం వదులు చేయాలి, ఎత్తాక చక్రం తిరిగిపోతుంది. జాకీ కింద పెట్టడానికి ఒక చెక్క పలక తీసుకెళ్ళండి. రోడ్డు పక్క ఎర్రమట్టి మెత్తగా ఉంటుంది, పలక లేకపోతే కారు లేవడానికి బదులు జాకీ దిగిపోతుంది. ఇంకో సంగతి, సామాన్లన్నీ సర్దాక స్టెప్నీ వాటి అడుగున పడిపోతుంది. పానా, జాకీ అయినా చేతికి అందేచోట పెట్టుకోండి.

అద్దె కారు అయితే ఒప్పందంలో మూడు విషయాలు వెతకండి. మట్టి రోడ్డు మీదికి వెళ్తే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? ఊరి బయట రాత్రిపూట నడిపితే వర్తిస్తుందా? జంతువు గుద్దితే డబ్బు ఎవరు కట్టాలి? చాలా కంపెనీలు ఈ మూడింటికీ ‘లేదు’, ‘లేదు’, ‘మీరే’ అని సన్నటి అక్షరాల్లో రాసి ఉంచుతాయి. కౌంటర్ దగ్గరే నోరు తెరిచి అడిగేయండి.

నీళ్ళు, తిండి, మందులు

మనిషికి రోజుకి కనీసం 5 లీటర్లు, వేసవిలోగానీ మట్టి ట్రాకుల మీదగానీ అయితే 10 లీటర్లు. దారిలో తాగడానికి పెట్టుకున్న సీసాలు ఇందులో లెక్క కాదు. నలుగురున్న కుటుంబానికి శీతాకాలంలో హైవే మీద రెండు రోజులకి 40 లీటర్లు డిక్కీలో ఉండాలి, వాటి జోలికి వెళ్ళకూడదు. అంతా ఒకే డబ్బాలో పోయకండి. అది కారిపోతే మొత్తం పోతుంది. పది లీటర్ల డబ్బాలు నాలుగు పెట్టండి.

తిండి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, పులిహోర లేకుండా ఏ కారూ కదలదు. శీతాకాలంలో మొదటి రోజుకి పులిహోర, చపాతీలు బాగానే ఉంటాయి. పెరుగన్నం మాత్రం ఐస్ పెట్టె లేకుండా వద్దు. ఆపద్ధర్మానికి వండక్కర్లేనివి విడిగా ఒక సంచీలో పెట్టి ఉంచండి: బిస్కెట్లు, వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు, డబ్బా ఆహారం. జంతికలు, ఆవకాయ దాహం పెంచుతాయి కాబట్టి ఆ సంచీలో అవి వద్దు.

పళ్ళు, కూరగాయల సంగతి తెలుసుకోండి. పళ్ళ ఈగ వ్యాపించకుండా సౌత్ ఆస్ట్రేలియాలోకి తాజా పళ్ళు, కూరగాయలు తీసుకురావడంపై ఆంక్షలున్నాయి. మెల్‌బోర్న్, సిడ్నీల నుంచి వచ్చేవాళ్ళు పచ్చిమిరపకాయలు, టమాటాలు, మామిడిపళ్ళు సరిహద్దు దగ్గర వదులుకోవాల్సిందే. దాచిపెట్టి దొరికితే జరిమానా. నల్లార్‌బోర్ మీదుగా పెర్త్ వెళ్ళేవాళ్ళకి వెస్ట్రన్ ఆస్ట్రేలియా సరిహద్దులో తనిఖీ ఇంకా గట్టిగా ఉంటుంది, తేనె కూడా తీసేసుకుంటారు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కారులో ఉంటే బీపీ, షుగర్ మందులు ప్రయాణం రోజులకి మించి ఇంకో వారానికి సరిపడా పెట్టండి. ఇన్సులిన్ అయితే ఐస్ పెట్టెలో పెట్టండి, నేరుగా ఐస్‌కి తగలకుండా. వాళ్ళ విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం కారులోనే ఉంచుకోండి.

ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోకండి

ఊళ్ళ బయట సిగ్నల్ కాస్తో కూస్తో ఎక్కువ దూరం వచ్చేది టెల్‌స్ట్రాకే. మీది వేరే నెట్‌వర్క్ అయితే ఒక ప్రీపెయిడ్ సిమ్ వేసుకోండి. అది కూడా ఊరు దాటిన కొద్ది కిలోమీటర్లకి పోతుంది. ఎమర్జెన్సీ నంబర్ 000. ఏ నెట్‌వర్క్ సిగ్నల్ ఉన్నా ఆ కాల్ వెళ్తుంది, అసలు ఏ సిగ్నలూ లేకపోతే వెళ్ళదు. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్ళలో ఉపగ్రహం ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపే సదుపాయం ఆస్ట్రేలియాలో 2023 మే నుంచి ఉంది. దాన్ని ఎలా వాడాలో ఫోన్‌లోని డెమోలో ముందే చూసుకోండి, ఆకాశం బాగా కనిపించే చోట నిలబడి ఫోన్‌ని ఉపగ్రహం వైపు పట్టుకోవాలి.

మట్టి ట్రాకుల మీదికి వెళ్ళేవాళ్ళు పీఎల్‌బీ తీసుకోవాలి. అరచేతిలో పట్టే బీకన్ అది. నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి సంకేతం వెళ్తుంది, అక్కడి నుంచి ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ ఆమ్సా నడిపే రెస్క్యూ కేంద్రానికి చేరుతుంది. నెలవారీ ఫీజు లేదు, ఆమ్సా దగ్గర రిజిస్ట్రేషన్ కూడా ఉచితం. రిజిస్టర్ చేస్తేనే అది ఎవరిదో, ఎవరికి ఫోన్ చేయాలో వాళ్ళకి తెలుస్తుంది. ప్రాణాపాయం ఉన్నప్పుడే నొక్కాలి.

ఫోన్ సిగ్నల్ లేకపోయినా దగ్గర్లోని బండ్లతో మాట్లాడుకునే యూహెచ్ఎఫ్ రేడియో ఒకటి ఉంటే చాలా ధైర్యంగా ఉంటుంది. చేతిలో పట్టుకునేదైనా సరే, 5 వాట్లది తీసుకోండి. హైవే మీద లారీ డ్రైవర్లంతా 40వ ఛానెల్‌లో ఉంటారు. 5, 35 ఛానెళ్ళు ఎమర్జెన్సీకే, వాటిలో కబుర్లు చెప్పకూడదు.

ఇంకొకటి, ఖర్చు లేనిది, అన్నిటికన్నా పనికొచ్చేది: మీ దారి, ఏ రాత్రి ఎక్కడ ఆగుతారు, కారు నంబరు, రంగు, ఎంతమంది ఉన్నారు అన్నది ఒక స్నేహితుడికి రాసి ఇవ్వండి. ఇండియాలో ఉన్నవాళ్ళకి కాదు, ఆస్ట్రేలియాలోనే ఉండే మనిషికి. “రాత్రి ఎనిమిదికల్లా నా నుంచి మెసేజ్ రాకపోతే మోటెల్‌కి ఫోన్ చెయ్యి, అక్కడ లేకపోతే పోలీసులకి చెప్పు” అని స్పష్టంగా చెప్పండి. మీరు మాత్రం గది చేరగానే మెసేజ్ పెట్టడం మర్చిపోకూడదు.

మ్యాప్‌ని డౌన్‌లోడ్ చేసుకోండి, కాగితం మ్యాప్ కూడా ఒకటి కొనండి. అడ్డదారి చూపిస్తే మాత్రం నమ్మొద్దు. 2024 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్‌లోని కేప్ యార్క్‌లో ఇద్దరు జర్మన్ పర్యాటకులు ఫోన్ మ్యాప్ చూపిన దారి పట్టుకుని మూసేసి ఉన్న ఒక పార్కు ట్రాక్‌లోకి వెళ్ళారు. కారు బురదలో కూరుకుపోయింది. వాళ్ళు వారానికి పైగా, దాదాపు 60 కిలోమీటర్లు నడిచి కోయెన్ అనే ఊరు చేరారు. బతికి బయటపడటం వాళ్ళ అదృష్టం.

పెట్రోలు: సగం ట్యాంకు అంటే ఖాళీ ట్యాంకు

బంకు కనిపించిన ప్రతిచోటా నింపండి, ధర చూడకండి. పోర్ట్ అగస్టా తర్వాత పింబా, గ్లెండాంబో, కూబర్ పీడీ, మార్లా, కుల్గెరా, ఎర్ల్‌డండా, ఇవీ మజిలీలు. కూబర్ పీడీ నుంచి మార్లాకి 230 కిలోమీటర్లు పైనే, మార్లా నుంచి కుల్గెరాకి సుమారు 180. రోడ్‌హౌస్‌లు, అంటే హైవే పక్కన పెట్రోలు, తిండి దొరికే మజిలీలు, ఒక్కోసారి మూతపడతాయి, రాత్రి త్వరగా కట్టేస్తాయి, కాబట్టి ముందు రోజు ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. కార్డు మిషన్ పనిచేయని రోజులుంటాయి, కొంత నగదు ఉంచుకోండి.

సిటీలో మీ కారు వందకి 8 లీటర్లు తాగుతుంటే, ఇక్కడ 110 స్పీడులో, ఏసీ వేసి, పైన సామాన్ల పెట్టె కట్టి, ఎదురుగాలిలో వెళ్తే 10 దాటినా ఆశ్చర్యపోవద్దు. 50 లీటర్ల ట్యాంకు 500 కిలోమీటర్లు వస్తుందనే లెక్కేసుకోండి. నార్తర్న్ టెరిటరీలోకి అడుగుపెట్టగానే స్పీడు లిమిట్ చాలాచోట్ల 130 అవుతుంది. ఆ బోర్డు 130కి మించొద్దని చెబుతోంది తప్ప, 130లో వెళ్ళమని చెప్పడం లేదు. 100, 110 దగ్గరే ఉంటే పెట్రోలు మిగులుతుంది, జంతువు అడ్డొచ్చినప్పుడు బ్రేకు వేసే వ్యవధీ మిగులుతుంది.

కొన్ని బంకుల్లో మామూలు అన్‌లెడెడ్ బదులు ఓపల్ అనే పెట్రోలు కనిపిస్తుంది. పెట్రోలు వాసన పీల్చే వ్యసనంతో ఆదివాసీ పల్లెల్లో యువకుల ప్రాణాలు పోతుంటే, మత్తు కలిగించే పదార్థాలు బాగా తగ్గించి 2005 నుంచి తెచ్చిన ఇంధనమిది. కారుకి ఏమీ కాదు, నిస్సంకోచంగా పోయించుకోండి.

రోడ్ ట్రెయిన్ ఎదురైతే, ముందుంటే

మూడు ట్రెయిలర్లు తగిలించిన లారీ, మొత్తం పొడవు 53.5 మీటర్ల దాకా. ఎదురుగా వస్తుంటే స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని, కొంచెం ఎడమకి జరిగి, స్పీడు కాస్త తగ్గించండి. పక్క నుంచి వెళ్ళేటప్పుడు గాలి మీ కారుని ఒక్క తోపు తోసి, వెంటనే తన వైపు లాగుతుంది.

దాటాల్సి వస్తే ఈ లెక్క గుర్తుంచుకోండి. అది 90లో, మీరు 110లో వెళ్తున్నారనుకుందాం. వెనక 30 మీటర్లు, లారీ పొడవు, ముందు 30 మీటర్లు కలిపితే దాదాపు 115 మీటర్లు మీరు దానికన్నా ఎక్కువ పోవాలి. అందుకు ఇరవై సెకన్ల పైనే పడుతుంది. ఆ కాస్త సమయంలో మీరు దాదాపు 630 మీటర్లు వెళ్తారు, ఎదురుగా వచ్చే కారూ అంతే దూరం వస్తుంది. అంటే ఒకటింపావు కిలోమీటరు ఖాళీ ఉంటేనే సరిగ్గా సరిపోతుంది. ఒకటిన్నర, రెండు కిలోమీటర్లు స్పష్టంగా కనిపించనిదే కదలకండి.

లారీకి బాగా వెనక ఉండండి, దాని అద్దంలో మీకు డ్రైవర్ ముఖం కనిపించాలి. దగ్గరికి వెళ్తే ముందున్న రోడ్డు కనిపించదు, చివరి ట్రెయిలర్ అటూ ఇటూ ఊగుతూ రాళ్ళు చిమ్ముతుంది. రేడియో ఉంటే 40లో “మీ వెనక తెల్ల కారు నేనే, దాటొచ్చా?” అని ఇంగ్లిషులో మర్యాదగా అడగండి. అంత ఎత్తులో కూర్చున్న డ్రైవర్‌కి మీకన్నా చాలా దూరం కనిపిస్తుంది, చాలామంది ఓపిగ్గా చెబుతారు. అయినా చివరి నిర్ణయం మీ కళ్ళదే. మొదలుపెట్టాక తటపటాయించకండి. దాటాక అద్దంలో లారీ ముందుభాగం పూర్తిగా కనిపించాకే ఎడమకి రండి. అసలు తొందరేమిటి అనుకుంటే ఇంకా మంచిది, ఎలాగూ తర్వాతి రోడ్‌హౌస్‌లో అది ఆగుతుంది.

కంగారూలు, పశువులు, గద్దలు

కంచెలు లేని పశువుల మేత భూముల మధ్యగా ఈ రోడ్డు పోతుంది. కంగారూ ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉందనుకోవాలి. ఈము పక్షి రోడ్డు దాటాక మనసు మార్చుకుని మళ్ళీ వెనక్కి పరుగెత్తుతుంది. నల్ల ఆవు రాత్రిపూట హెడ్‌లైట్లలో చివరి క్షణం దాకా కనిపించదు. చచ్చిన జంతువుల మీద వాలే పెద్ద గద్దలు, రెక్కలు చాస్తే రెండు మీటర్ల పైనే ఉండేవి, కడుపు నిండా తిని చటుక్కున ఎగరలేవు. దూరం నుంచే స్పీడు తగ్గించి హారన్ కొట్టండి.

జంతువు హఠాత్తుగా అడ్డొస్తే గట్టిగా బ్రేకు వేయండి, స్టీరింగ్ నేరుగా పట్టుకోండి. పక్కకి కోయకండి. గుద్దకూడదనే జాలితో, భయంతో స్టీరింగ్ తిప్పితే 110 స్పీడులో కారు పల్టీ కొడుతుంది. మూగజీవిని గుద్దడం బాధే, నాకూ ఆ మాట రాయడం కష్టంగానే ఉంది. కానీ వెనక సీట్లో పిల్లలున్నారు. గుద్దాక పక్కకి ఆపి రేడియేటర్ కింద నీళ్ళు కారుతున్నాయేమో చూడండి. కారుతుంటే ఇంజిన్ ఆపేయండి, ఇంకో ఊరుదాకా లాగుదామని చూస్తే ఇంజిన్ పోతుంది.

ఎడమ చక్రాలు తారు అంచు దిగి కంకరలో పడినా ఇదే సూత్రం. ఒక్కసారిగా కుడికి లాగొద్దు. యాక్సిలరేటర్ వదిలి, నేరుగా పట్టుకుని, నెమ్మదించాక మెల్లగా పైకి ఎక్కించండి.

మట్టి రోడ్లు

మొదటిసారి అయితే వెళ్ళకండి. ఉలురు దాకా మొత్తం తారు రోడ్డే, అది చాలు. తప్పనిసరిగా వెళ్ళాల్సి వస్తే టైర్లలో గాలి కొంచెం తగ్గించి, 80 దాటకుండా, బ్రేకూ స్టీరింగూ సున్నితంగా వాడుతూ వెళ్ళండి. ఎదురుగా లారీ వస్తుంటే ఎడమకి తీసి ఆగిపోయి, దుమ్ము పూర్తిగా అణిగేదాకా కదలకండి. ఆ దుమ్ములో ఇంకో లారీ ఉండొచ్చు. గ్రేట్ సెంట్రల్ రోడ్ లాంటివి ఆదివాసుల భూముల మీదుగా పోతాయి, వాటికి ముందే పర్మిట్ తీసుకోవాలి. స్టూవర్ట్ హైవే మీద కూడా వూమెరా సైనిక నిషేధ ప్రాంతం గుండా వెళ్ళే భాగంలో రోడ్డు వదిలి లోపలికి వెళ్ళకూడదు.

రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే లోతు ఎంతో తెలియదు, కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో తెలియదు. వెనక్కి తిరగండి. ఆ వాగులు చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి.

కారు ఆగిపోతే

రోడ్డు మీది నుంచి వీలైనంత పక్కకి జరపండి, హజార్డ్ లైట్లు వేయండి, బానెట్ ఎత్తి ఉంచండి. బానెట్ ఎత్తి ఉంటే ఈ కారుకి సాయం కావాలని ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. ఆ తర్వాత, ఏం జరిగినా, కారు వదిలి నడక మొదలుపెట్టకండి.

1963 డిసెంబర్‌లో బర్డ్స్‌విల్ ట్రాక్ ప్రాంతంలో దారి తప్పి, పెట్రోలు అయిపోయి, నీళ్ళ కోసం కారు వదిలి నడిచిన ఒక కుటుంబంలో ఐదుగురూ చనిపోయారు. అలాంటి విషాదాలు ఆ తర్వాత కూడా ఎన్నో జరిగాయి. విమానంలో నుంచి చూసేవాళ్ళకి కారు కనిపిస్తుంది, పొదల మధ్య నడిచే మనిషి కనిపించడు. కారు దగ్గర నీళ్ళున్నాయి, నీడ ఉంది. మగవాళ్ళలో ఎవరో ఒకరికి “నేను వెళ్ళి చూసొస్తా” అనిపిస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపాలి.

కారు లోపల ఎండలో కొలిమిలా అవుతుంది, లోపల కూర్చోకండి. నీడ ఉన్న వైపు తలుపుకి దుప్పటో, టార్పాలినో కట్టి దాని కింద కూర్చోండి. పొడుగు చేతుల బట్టలు, టోపీ ఉంచుకోండి, పగలు ఏ శ్రమా చేయకండి. నీళ్ళు దాచుకోవాలని దాహం ఓర్చుకోవద్దు. దాహమైనప్పుడల్లా తాగండి, చెమట పట్టే పనులే మానుకోండి. పిల్లల పెదవులు ఎండుతున్నాయా, ఒంటికి పోవడం తగ్గిందా, పెద్దవాళ్ళు పొంతన లేకుండా మాట్లాడుతున్నారా, ఇవి గమనిస్తూ ఉండండి. వాటిలో ఏది కనిపించినా పీఎల్‌బీ నొక్కడానికి, ఫోన్‌లో ఉపగ్రహ ఎమర్జెన్సీ వాడటానికి అదే సమయం. బాధితుల దగ్గరికి విమానంలో డాక్టర్లని పంపే రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ 1928 నుంచి ఈ ప్రాంతాల్లో పనిచేస్తోంది. ఎవరో వస్తారన్న నమ్మకంతో కూర్చోవచ్చు.

స్టూవర్ట్ హైవే మీద పగటిపూట ఏదో ఒక బండి రావడం పెద్ద ఆలస్యం కాదు, వచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఆగుతారు. వాళ్ళ కారులో చోటున్నా కుటుంబాన్ని రెండుగా విడదీయకండి, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే తప్ప. ఒక కాగితం మీద మీ పేరు, కారు నంబరు, ఎంతమంది ఉన్నారు, ఎన్ని లీటర్ల నీళ్ళున్నాయి, ఏం పాడైంది, రోడ్డు పక్కన దూరం రాసిన దగ్గరి పలక మీద ఏముంది, టైమ్ ఎంత అన్నది రాసి ఇచ్చి, తర్వాతి రోడ్‌హౌస్‌లో అందించమని అడగండి. రెండో బండి ఆగితే దానికీ అలాంటి కాగితమే ఇవ్వండి. ఇద్దరిలో ఒకరు మర్చిపోయినా ఇంకొకరు చెబుతారు.